సార్వత్రిక విద్యాశిల్పి ఆచార్య జి. రాంరెడ్డి

మహాభారతంలోని ఏకలవ్యుని కథ తెలుగువారికి సుపరిచితం. ద్రోణాచార్యుడు శిష్యునిగా స్వీకరించకపోయినా నిరాశ చెందక, అడవిలో గురువు మట్టిబొమ్మను నిలుపుకొని, విలువిద్యలో అసమాన ప్రావీణ్యం సాధించిన నిషాద బాలుడతడు. స్వయంకృషితో విద్య నేర్చినవారిని ప్రశంసించేటప్పుడు అతనిని స్మరించడం మన సంప్రదాయం. అయితే ఆ కథలో ఒక ప్రశ్న కూడా ఉంది. నేర్వాలనే తపన ఉన్నవానికి గురుకులద్వారం ఎందుకు మూసుకొనిపోవాలి? ఆధునిక కాలంలో ఈ ప్రశ్నను విశ్వవిద్యాలయాల ముందుంచి, ఆచరణలో సమాధానం చూపిన విద్యావేత్త ఆచార్య జి. రాంరెడ్డి. భారతదేశంలో సార్వత్రిక విద్యకు పితామహుడుగా ఆయన ప్రసిద్ధులయ్యారు.

రాంరెడ్డి 1929 డిసెంబరు 4వ తేదీన కరీంనగర్ జిల్లాలోని మైలారం గ్రామంలో జన్మించారు. నాడు ఆ ప్రాంతం నిజాం పాలనలో ఉండేది. పల్లెల్లో పాఠశాలలు అరుదు. ఉన్నత చదువులకు హైదరాబాదు వెళ్లక తప్పేది కాదు. అక్కడ 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించింది. భారతీయ భాషలో ఉన్నతవిద్యను బోధించడం ఆ కాలానికి గొప్ప ప్రయోగమే. కాని ఇంట తెలుగు మాట్లాడే పల్లె విద్యార్థికి దూరం, వ్యయం, భాష అనే మూడు అవరోధాలూ ఒకేసారి ఎదురయ్యేవి. అటువంటి ప్రాంతం నుండి వచ్చిన రాంరెడ్డి, ఉస్మానియాలోనే ప్రభుత్వ పాలనాశాస్త్ర ఆచార్యులుగా ఎదిగారు.

ఆయన పరిశోధనకు ప్రధాన క్షేత్రం పంచాయతీరాజ్ వ్యవస్థ. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ వ్యవస్థ ప్రారంభమైంది. రాజధానిలో కేంద్రీకృతమైన అధికారం గ్రామానికి ఎలా చేరుతుంది, చేరినచోట ఎవరికి ఉపయోగపడుతుంది అనే విషయాలను ఆయన నిశితంగా పరిశీలించారు. పాలన గ్రామానికి తరలిరావాలన్న భావనకూ, విద్య అభ్యాసకుని వద్దకు తరలిరావాలన్న భావనకూ గల సామ్యం ఆయన జీవితాన్ని పరిశీలించినవారికి స్పష్టమవుతుంది.

1977లో రాంరెడ్డి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిని చేపట్టారు. అదే సంవత్సరం అక్కడ కరస్పాండెన్స్ కోర్సుల సంస్థ ఏర్పడింది. మన దేశంలో ఈ పద్ధతి 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంతో మొదలైంది. తరగతిగదిలో చెప్పే పాఠాలను అచ్చువేసి తపాలాలో పంపడం దీని ప్రధాన విధానం. కళాశాలకు వెళ్లలేనివారికి ఇది ఎంతో మేలు చేసింది. అయినా రెండు లోపాలు మిగిలాయి. పూర్వపరీక్షల అర్హతలు లేనివారికి ప్రవేశం లభించేది కాదు. ఇంటికి చేరిన పాఠం అర్థం కానప్పుడు పక్కన నిలిచి చెప్పేవారు ఉండేవారు కాదు.

బ్రిటన్‌లో 1969లో స్థాపితమైన ఓపెన్ యూనివర్సిటీ 1971 నుండి బోధన ప్రారంభించింది. పూర్వ అర్హతలతో నిమిత్తం లేకుండా విద్యార్థులను చేర్చుకొని, వారికోసం ప్రత్యేకంగా పాఠాలు రాయించి, రేడియో, టెలివిజన్‌ల ద్వారా కూడా బోధించి అది ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఆ స్ఫూర్తితో 1982 ఆగస్టు 26వ తేదీన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆవిర్భవించింది. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దీనికి తొలి ఉపకులపతి రాంరెడ్డి. ఒక ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయాన్ని నడిపిన ఆచార్యుడు, దేశంలో ఎవరూ నడవని దారిలోకి అడుగుపెట్టడం సాహసమే.

1981 జనగణన నాటికి రాష్ట్ర జనాభాలో అక్షరాస్యులు నూటికి సుమారు 30 మంది మాత్రమే. మధ్యలో చదువు ఆగిపోయినవారు ఎందరో. ఉత్తర తెలంగాణనే చూస్తే, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనుల్లో షిఫ్టులవారీగా పనిచేసే కార్మికులు, సిరిసిల్లలో మగ్గాన్ని నమ్ముకున్న నేతకుటుంబాలు, ఇంటిపనుల మధ్య బీడీలు చుట్టే స్త్రీలు, ఆదిలాబాద్ అడవి గూడేల యువకులు కనిపిస్తారు. ఉదయం పదిగంటలకు కళాశాలలో కూర్చోగల తీరిక వీరిలో ఎందరికి ఉంటుంది? నూతన విశ్వవిద్యాలయం ఇటువంటివారిని దృష్టిలో ఉంచుకున్నది. నిర్ణీత వయసు నిండి, అర్హతపరీక్షలో ఉత్తీర్ణులైతే, పూర్వపు పట్టాలు లేకపోయినా డిగ్రీలో చేరే అవకాశం కల్పించింది. తెలుగులో పాఠ్యగ్రంథాలను సిద్ధం చేయించింది.

ఆ గ్రంథాల రచనలోనే ఈ విద్యావిధానపు మర్మం ఉంది. సాధారణ పాఠ్యపుస్తకం ఉపాధ్యాయుడు వివరిస్తాడన్న నమ్మకంతో రాసినది. స్వయం అధ్యయన గ్రంథంలో ఉపాధ్యాయుడు పుటలలోనే ఉండాలి. అందుకే విషయాన్ని చిన్న భాగాలుగా విభజిస్తారు. ప్రతి భాగం మొదట దాని లక్ష్యాలను తెలుపుతారు. మధ్యమధ్య ప్రశ్నలు ఇచ్చి, తన ప్రగతిని తానే పరీక్షించుకొనే వీలు కల్పిస్తారు. రచయిత ఒక్కడే కాక విషయనిపుణులు, సంపాదకులు కలిసి పాఠాన్ని తీర్చిదిద్దుతారు. దీనికి తోడు కళాశాలల్లో అధ్యయన కేంద్రాలు, సెలవుదినాలలో సంప్రదింపు తరగతులు, ఆకాశవాణి పాఠాలు ఏర్పాటయ్యాయి. స్వయంగా చదవడమంటే ఒంటరిగా చదవడం కాదని ఈ ఏర్పాటు నిరూపించింది.

తరగతిగది లేని చదువుకు విలువ ఉంటుందా అన్న సందేహం విద్యావంతులలో బలంగా ఉండేది. ప్రవేశం సులభమైతే ప్రమాణాలు పడిపోతాయని వాదించేవారు. ప్రవేశంలో ఔదార్యం, పరీక్షలో నిష్కర్ష అనే సూత్రమే ఆ సందేహానికి తగిన సమాధానం. అయితే చేరినవారందరూ చదువు పూర్తిచేయలేకపోవడం సార్వత్రిక విద్యను నేటికీ వేధిస్తున్న సమస్య. ద్వారం తెరవడం సంస్థ బాధ్యత. గమ్యం చేరడానికి అభ్యాసకుని నియమపాలనతోపాటు సంస్థ నిరంతర సహకారమూ అవసరం.

ఆంధ్రప్రదేశ్ ప్రయోగం జాతీయస్థాయికి దారిచూపింది. 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి రాంరెడ్డియే తొలి ఉపకులపతి అయ్యారు. 1987లో 4,528 మంది విద్యార్థులతో బోధన ప్రారంభించిన ఆ సంస్థ అనంతరకాలంలో లక్షలమందికి విద్యనందించింది. తరువాత ఆయన కెనడాలోని వాంకూవర్ కేంద్రంగా గల కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్ సంస్థలో ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 1991 నుండి 1995 వరకు విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షత వహించారు. ఉన్నతవిద్యాసంస్థల ప్రమాణాలను మదింపు చేసే 'న్యాక్' 1994లో ఆ కాలంలోనే ఏర్పడింది. 1995 జులై 2వ తేదీన ఆయన లండన్‌లో కన్నుమూశారు.

ఆయన తీర్చిదిద్దిన తొలి సంస్థ 1991 నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా కొనసాగుతున్నది. ఉస్మానియాలోని దూరవిద్యా కేంద్రం ఆయన పేరును ధరించింది. 2017లో కేంద్రప్రభుత్వం 'స్వయం' వేదికను ప్రారంభించిన తరువాత విశ్వవిద్యాలయ పాఠాలు అంతర్జాలం ద్వారా సెల్‌ఫోనుకే చేరుతున్నాయి. తపాలా సంచిలో వచ్చిన పాఠం నేడు అరచేతిలో వెలుగుతున్నది. సాధనం మారినా అభ్యాసకుని అవసరాలు మారలేదు. స్పష్టమైన లక్ష్యం, తనను తాను పరీక్షించుకొనే అలవాటు, సందేహం కలిగినప్పుడు అడగదగిన గురువు అతనికి నేటికీ కావలసినవే. ఏకలవ్యునికి మట్టిబొమ్మ మాత్రమే దక్కింది. నేటి ఏకలవ్యులకు పలికే గురువును సమకూర్చడానికి మైలారం బిడ్డ తన జీవితాన్ని వినియోగించారు.