డోర్నకల్ బిషప్ అజరయ్య గారు

కాజీపేట - విజయవాడ లైనులో పనిచేసిన మనవాళ్ళకు డోర్నకల్ జంక్షన్ గురించి చెప్పనక్కరలేదు. భద్రాచలం రోడ్డుకు, సింగరేణి బొగ్గు గనులకు దారి చీలేది అక్కడే. బండి ఆగిన కాసేపట్లో టీ తాగి, మళ్ళీ ఎక్కి వచ్చేసినవాళ్ళమే మనలో ఎక్కువ మంది. ఆ ఊరి పేరును లోకమంతా ఎరిగించిన మనిషిని ఈ ప్రత్యేక సంచికలో తలచుకోవడం ఉచితమని తోచింది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళైలో జన్మించారు. తండ్రి తామస్ వేదనాయగం గారు ఆ గ్రామంలో గురువు. అజరయ్య గారు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని, పరీక్షల సమయంలో జబ్బు చేసి డిగ్రీ చేతికి రాలేదు. (1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అది వేరే సంగతి.) తరువాత వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. మన దేశపు క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో తామే సేవ చేయాలన్న పట్టుదల అప్పుడే కలిగింది. 1903లో తిరునెల్వేలిలో ఒక మిషనరీ సంఘం ఏర్పడింది. 1905 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. రెండింటి వెనుకా ఆయన ఉన్నారు.

ఇతరులను పొమ్మని చెప్పి తాను ఇంట్లో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడాది ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు మాకు సొమ్ము ఇచ్చారు, శ్రమ ఇచ్చారు, మాకు కావలసింది స్నేహం అని అర్థమొచ్చేట్టు మాట్లాడారు. ఆ సభలో అది కొందరికి గుచ్చుకుంది.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. అది సులువుగా రాలేదు. నల్లవాడి కింద పనిచేయడమేమిటని కొందరు దొరలు అన్నారు. కులం సంగతి ఎత్తి మనవాళ్ళూ అడ్డు చెప్పారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు వెన్నుదన్నుగా నిలిచారు. ఆ తరువాత, అజరయ్య గారు జీవించినంత కాలం, డయాసిస్‌కు అధిపతిగా ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయనొక్కరే.

ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ పేటల వారు. అప్పుల్లో పుట్టి వెట్టిలో పెరిగినవారు. బిషప్ గారు ఎడ్లబండి మీద, సైకిలు మీద ఆ పేటలకు వెళ్ళేవారు. అప్పు, తాగుడు, మురికి, రోగం, దయ్యాల భయం వదలకపోతే బాప్తిస్మం పేరుకే మిగులుతుందని ఆయన నమ్మకం. బడులు పెట్టించి, చదువుతోపాటు పిల్లలకు వ్యవసాయం, చేతిపని నేర్పించారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ గారు, దక్షిణాదిన కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు, ఆడవారి మధ్య పనిచేశారు. అన్నం వండే ప్రతిసారీ ఇల్లాలు పిడికెడు బియ్యం దేవునికి తీసి పెట్టే అలవాటు ఆ డయాసిస్‌లో పాతుకుపోయింది. గురువుల జీతానికి సీమ డబ్బు కోసం చూడకూడదని ఆయన పంతం. ఏమీ లేనివాడికి ఇచ్చే చేయి ఉందని తెలియడమే ఒక గౌరవం కదా!

అన్నిటికన్నా కష్టమైన పని పేటకూ పేటకూ మధ్య ఉన్న గోడ. మాల, మాదిగ సోదరులు ఒకరి చేతి నీళ్ళు ఒకరు ముట్టని రోజులవి. ప్రభు భోజనంలో ఒకే పాత్ర నుంచి అందరూ పుచ్చుకోవాలని ఆయన పట్టుబట్టారు. ఆ గోడ పూర్తిగా కూలిందని నేను రాయలేను. మన ఊళ్ళలో నేటికీ రెండు పేటలకు రెండు చర్చీలు కనబడుతూనే ఉన్నాయి. కానీ పేటల వారి బ్రతుకులు మారడం చూసి శూద్ర కులాల వారూ ఆ సంఘంలోకి వచ్చారు. ఈ మతమార్పిడుల విషయంలోనే 1930లలో గాంధీజీకీ ఆయనకూ గట్టి అభిప్రాయభేదం వచ్చింది. అయినా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, దేశంలో వేరుపడరాదని వాదించింది కూడా ఆయనే.

పండుగలంటే ఆయనకు మక్కువ. పంట చేతికొచ్చాక కోతపండుగకు రైతులు ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవారు. కోలాటాలు, భజనలు సరేసరి. డోర్నకల్ కెథడ్రల్ కట్టడంలోనూ అదే మనసు. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసిన కట్టడం. డబ్బు చాలక పని ఏళ్ళ తరబడి సాగింది. 1939 జనవరి 6న, జ్ఞానులు శిశువును దర్శించిన ప్రత్యక్షత పండుగ నాడు, ప్రతిష్ఠ జరిగింది. గుడి పేరు కూడా ఆ పండుగదే.

మొదట చిన్నదైన డయాసిస్‌లో కృష్ణా, కర్నూలు జిల్లాల సంఘాలు కూడా చేరి, ఆయన చివరి రోజులకు విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. సంఘాలన్నీ ఒకటి కావాలని 1919 తరంగంబాడి సమావేశం నుంచి ఆయన పడిన పాటు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం రూపంలో ఫలించింది. అది చూడటానికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. క్రిస్మస్ దినాలు ఇంకా ముగియలేదు. ప్రత్యక్షత పండుగకు అయిదు రోజులుంది.