నీలం మాత్ర వెనకాల ఉన్న మనిషి
(9వ తరగతి)



వారానికొకసారి అన్నం తిన్నాక మనకు నీలం మాత్ర ఇస్తారు గదా. దాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటయి. కొందరు నాలుక కింద పెట్టుకొని బయటికొచ్చి ఉమ్మేస్తరు. పేర్లు రాయను. ఇనుము సంగతి అందరికీ తెలుసు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే దారి కనిపెట్టిన జట్టుకు పెద్ద ఒక తెలుగాయన. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఈసారి గోడపత్రికకు ఆయన గురించి రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇల్లు గడవడం కష్టం. 13 ఏళ్లప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిస్తానని ఇంట్లోంచి పారిపోతే, తల్లి వెనక్కి తెప్పించింది. మెట్రిక్ రెండుసార్లు తప్పారు, మూడోసారి మద్రాసులో పాసైనారు. తల్లి నగలు అమ్మి చదివించింది. సప్లిమెంటరీ రాసేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరినంక, గాంధీ గారి పిలుపు విని ఖాదీ కట్టారు. అది సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. ఎం.బి.బి.ఎస్. రావాల్సిన చోట ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టా ఇచ్చారు. ఆ రోజుల్లోనే ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. స్ప్రూ అంటే తిన్నది వంటబట్టక, విరేచనాలై, రక్తం తగ్గి మనిషి ఎండిపోయే రోగం. ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికారు.

1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. కాకినాడ మల్లాది సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు సాయం చేశారు. అక్కడ ఆ డబ్బు చాలలేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేసి, పగలు హార్వర్డ్‌లో చదివారు. ఇక్కడ భార్య శేషగిరి గారు ఎదురుచూస్తున్నారు. 1919లో పెండ్లి అయింది. ఆయన పోయినంక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆయన మళ్లీ మన దేశానికి రానేలేదు. ఆయన గొప్పోడే, కాని ఈ సంగతి నాకు నచ్చలేదు. ఆమె గురించి పుస్తకాల్లో రెండు లైన్లకు మించి ఉండదు.

మైటోకాండ్రియా పాఠంలో ఏటీపీ అని చదువుతం గదా, కండరాల్లో దాన్ని 1929లో కనిపెట్టినవాళ్లలో ఆయనొకరు, ఆయనతో కలిసి పనిచేసింది ఫిస్కే. అంత చేసినా హార్వర్డ్ పర్మినెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి పోయారు. అక్కడ ఆయన జట్టు 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది పనికొచ్చింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు పైగా గడిచింది అప్పటికి. 1947లో వచ్చిన బోదకాలు మందు హెట్రజాన్ కూడా వాళ్లదే. ఆరోగ్య కార్యకర్తలు ఊర్లల్లో పంచిన డీఈసీ మాత్ర అదే.

ఇప్పుడు అసలు కథ. బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందు ఇస్తే రోగం ఇంకా పెరిగింది. అంటే క్యాన్సర్ కణాలు కూడా దాన్ని తిని బలుస్తున్నయన్నమాట. అయితే దానికి దొంగ రూపం ఇస్తే? సుబ్బారావు గారి జట్టు ఫోలిక్ ఆమ్లంలో ఒకచోట ఆక్సిజన్ తీసి నత్రజని గుంపు పెట్టింది. అది అమినోప్టెరిన్. దానికి ఇంకో చిన్న గుంపు తగిలిస్తే మెథోట్రెక్సేట్. 1948లో ఫార్బర్ రాసిన లెక్క ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి రోగం తగ్గుముఖం పట్టింది. కొన్ని నెలలే. మళ్లీ తిరగబెట్టింది. కాని అంతకుముందు ఆ కొన్ని నెలలు కూడా దొరికేవి కావు.

ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో చనిపోయారు. 53 ఏళ్లు. తన మందు ఒంట్లో ఎక్కడ పోయి ఎట్ల కూర్చుంటదో ఆయన బొమ్మలో చూడలేదు.

ఆ బొమ్మ 1977లో వచ్చింది. మన కణాల్లో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము ఉంటది. అది ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకొని, కొత్త డీఎన్‌ఏ కట్టడానికి పనికొచ్చేటట్టు మారుస్తది. అమెరికా శాస్త్రవేత్తలు ముందు ఇ.కొలై బ్యాక్టీరియాలోని ఈ ఎంజైమును మెథోట్రెక్సేట్‌తో కలిపి, పాకంలో పటికబెల్లం గట్టిపడ్డట్టు స్ఫటికం చేశారు. దానిమీద ఎక్స్‌రేలు వేస్తే చుక్కలు పడ్డయి. ఆ చుక్కల లెక్కతో ఏ అణువు ఎక్కడుందో గీశారు. తర్వాత మనుషుల ఎంజైముదీ తీశారు. అది 186 అమైనో ఆమ్లాల దండ.

మన ట్రంకు పెట్టె తాళం అనుకోండి. పక్క మంచం పిల్ల చెవి పెడితే దూరుతది, తిరగదు, బయటికీ రాదు. ఇక మన చెవి పెట్టే సందు ఉండదు. మెథోట్రెక్సేట్ అట్లనే ఇరుక్కుంటది. బొమ్మలో బయటపడ్డ వింత ఏందంటే, ఫోలిక్ ఆమ్లం కూర్చునే చోటనే దీని తల భాగం బోర్లా తిరిగి కూర్చుంది. తిరగేసి పెట్టిన చెవి ఇంకా గట్టిగ పట్టిందన్నట్టు.

ఈ పేరు నాకు కొత్త కాదు. మా మేనత్తకు కీళ్లవాతం. డాక్టరు గారు మెథోట్రెక్సేట్ వారంలో ఒక్కరోజే రాసిండ్రు, ఫోలిక్ ఆమ్లం వేరే రోజు. రెండూ చిన్న పసుపుపచ్చ మాత్రలే. అత్తకు చదువు రాదు, మా ఇంట్ల నాకంటే ముందు బడికి పోయినోళ్లు లేరు. మొదటిది రోజూ మింగితే రక్తం తయారవడం ఆగి ప్రాణం పోవచ్చని ఆసుపత్రిలో సిస్టర్ చెప్పింది. సెలవులకు పోయినప్పుడు ఆ అట్ట మీద పేరు కూడబలుక్కొని చదివి, దానికి ఎర్ర దారం కట్టిన. ఎర్ర దారంది సంత రోజున ఒక్కసారే అని చెప్పిన. ఇక్కడ అజీజ్‌నగర్ నుంచి ఫోన్ దొరికిన ప్రతిసారి దారం ఉందా అని అడుగుత.