భూదాత వెదిరె రామచంద్రారెడ్డి గారు

ఉద్యోగ విరమణ సొమ్ము చేతికి వచ్చిన సంఘస్థులు, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఒక ప్లాటు కొని ఉంచితే మంచిదేనా అని మమ్మును అడుగుతూ ఉంటారు. అడగడంలో తప్పేమీ లేదు. అయితే ఇక్కడికి దగ్గరలోనే, విజయవాడ రోడ్డు మీద పోయి ఎడమకు తిరిగితే వచ్చే పోచంపల్లిలో, భూమిని మరొక లెక్కన చూసిన పెద్దమనిషి ఒకరు ఉండేవారు. ఆయనను గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయడం మాకు సంతోషము.

వెదిరె రామచంద్రారెడ్డి గారు 1905 జూలై 13న భూస్వామి కుటుంబములో జన్మించారు. అయిదుగురు అన్నదమ్ములలో ఒకరు. న్యాయశాస్త్రము చదివినవారు.

1951 నాటికి నల్లగొండ జిల్లా రక్తసిక్తమై ఉన్నది. ఒకవైపు సాయుధ పోరాటము, మరొకవైపు సైన్యము. దొరలు అనేకులు గడీలు విడిచి పట్నం చేరారు. ఆ ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వచ్చిన ఆచార్య వినోబా భావే, కాలినడకన ఈ తూర్పు దిక్కుకు బయలుదేరి 18వ తేదీన పోచంపల్లి చేరారు. దళితవాడలోని నలభై కుటుంబాలవారు తమకు ఎనభై ఎకరాలు ఉంటే చాలు, కలిసి సేద్యం చేసుకుని బ్రతుకుతామన్నారు. ప్రభుత్వానికి వ్రాసి చూద్దామా అని వినోబా ఆలోచనలో పడ్డారు. ఊరివారిలో ఇవ్వగలవారెవరైనా ఉన్నారా అని కూడా అడిగారు. అప్పుడు రామచంద్రారెడ్డి గారు లేచి, కొంత భూమి పేదలకు చెందాలన్నది తన తండ్రి కోరిక అని చెప్పి, నూరు ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికంటె ఇరవై ఎక్కువ!

భయముతో ఇచ్చారనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మేము అంగీకరించము. భయపడినవాడు అయినకాడికి అమ్ముకొని పోతాడు. ఈయన ఊరిలోనే ఉండి, ఆ తరువాత మరి ఎనిమిది వందల ఎకరాలు ఇచ్చారు. మొదటి నూరు ఎకరాలే అందరికీ గుర్తు. మాకైతే తరువాతి ఎనిమిది వందలే పెద్దవిగా కనబడతాయి.

వినోబా తెలంగాణలో యాభై ఒక్క రోజులు తిరిగి 12,201 ఎకరాలు సేకరించారు. దేశమంతట నలభై లక్షల ఎకరాలు దాటింది. అందులో రాళ్ల నేలలు, వివాదపు నేలలు కూడా ఉన్నవి. పంపకము కానిది చాలా మిగిలింది. అది దాచవలసిన సంగతి కాదు. పోచంపల్లి మాత్రము భూదాన్ పోచంపల్లి అయింది.

1965 చట్టము ప్రకారము భూదాన భూమిని పొందినవాడు దున్నుకోవచ్చు, బిడ్డలకు విడిచిపెట్టవచ్చు, అమ్ముకోరాదు. రామచంద్రారెడ్డి గారు 1986 డిసెంబరు 9న కన్నుమూసేనాటికి ఇటు ఫిల్మ్ సిటీ లేదు, రింగు రోడ్డు లేదు. ఇప్పుడు గజాల లెక్కన ధర పలికే ఈ మండలములో భూదాన భూములు తగాదాలలో చిక్కుకొని ఉన్నవి. ప్లాటు కొనదలచిన సహోదరులు బయానా ఇచ్చే ముందే సర్వే నంబరు భూదానము క్రిందికి వచ్చునేమో తహశీల్దారు కచేరీలో విచారించుకొనగలరు. అట్టి భూమి పట్టా కాగితములు తాతల నాటి నుండి ఇంట ఉన్న కుటుంబములవారు వాటిని ఏ మధ్యవర్తి చేతికీ ఇవ్వక మా యొద్దకు తెచ్చిన యెడల, కచేరీకి వెంట వచ్చుటకు మేము సిద్ధముగా ఉన్నాము.