జాన్ వెస్లీగారు బోధించిన పరిపూర్ణత

ధ్యాన భాగము: మత్తయి 5:43-48, 1 కొరింథీ 13:8-12

పరిపూర్ణులై యుండవలెనని ప్రభువు తన శిష్యులను పిలిచెను. మన తెలివి కొద్దిపాటిదేయని పౌలు వ్రాసెను. మనకు తెలియని సంగతులు ఇన్ని యుండగా మనము పరిపూర్ణులమగుట ఎట్లు? సత్యవేదము చదువలేని మన తల్లులకు ఆ పిలుపులో పాలు లేదా? ఈ ప్రశ్నతో ఏండ్ల తరబడి పోరాడినవారు జాన్ వెస్లీగారు. మెదకు ప్రాంతములో పనిచేసిన వెస్లియను మిషను ఆయన పేరిటిదే.

ఆయన 1703లో ఇంగ్లండునందు ఎప్‌వర్త్ గ్రామములో పాదిరిగారి యింట పుట్టిరి. ఆక్స్‌ఫర్డులో చదివి, అక్కడనే గ్రీకు బోధించిరి. అంతటి పండితుడు ఓడమీద అమెరికాకు వెళ్లుచుండగా, 1736 జనవరిలో గొప్ప తుపాను లేచెను. వెస్లీగారికి చావుభయము పట్టెను. అదే ఓడలో మొరేవియను విశ్వాసులు కొందరుండిరి. వారు జర్మనీనుండి వచ్చిన సామాన్య జనులు. ఆడవారు, పిల్లలు సహా వారు నెమ్మదిగా కీర్తన పాడుచుండిరి. గ్రీకు ఎరిగిన తనకు లేనిది వారికి కలదని ఆయన చూచిరి.

1738 మే 24న లండనులో ఆల్డర్స్‌గేట్ వీధి కూటములో, రోమా పత్రికకు లూథరు వ్రాసిన పీఠిక చదువబడుచుండగా, క్రీస్తు తన పాపములను తీసివేసెనను నిశ్చయము ఆయనకు కలిగెను. మరుసటి యేడు బ్రిస్టలు దగ్గర బొగ్గుగని కూలీలకు ఆరుబయట సువార్త చెప్పసాగిరి.

దేవుని నిండు మనస్సుతోను, పొరుగువానిని తనవలెను ప్రేమించుటయే పరిపూర్ణతయని ఆయన బోధించిరి. 1741లో దీనిని ప్రసంగముగా అచ్చువేసి, 1766లో గ్రంథముగా వివరించిరి. ఆ పరిపూర్ణత ప్రేమకు సంబంధించినదే గాని తెలివికి కాదు. ప్రేమతో నిండినవాడును పొరబడును, మోసగానిని మంచివాడనుకొనును, వాక్యభావమును తప్పుగా గ్రహించును. అట్లయిన, మంచి మనస్సుతో చేసిన పొరపాటునకు క్షమాపణ యెందుకు? ఇచ్చట వెస్లీగారు గట్టిగా నిలిచిరి. తెలియక చేసినదియు దేవుని ధర్మశాస్త్రమునకు తక్కువే గనుక, మిక్కిలి పరిశుద్ధునికి సహా క్రీస్తు రక్తము ఎల్లప్పుడు అవసరమనిరి.

ఇది ఉత్త తర్కము కాదు, ఆయన పనిలోనే చూడుడు. వైద్యుని పిలువ డబ్బులేని పేదలకొరకు 1747లో గృహవైద్య పుస్తకమొకటి వెలువరించిరి. అందులో ప్రేమకు కొదువ లేదు. కాని ప్రేగులు మెలిపడినవారికి పాదరసము త్రాగించుమనియు అందులో ఉండెను! పాదరసము విషపదార్థమని నేడు మనమెరుగుదుము. ప్రేమ నిజమే, పొరపాటును నిజమే.

1762లో లండను సంఘమునకు పరీక్ష వచ్చెను. జార్జి బెల్ అను మాజీ సిపాయియు అతనితోటివారును తాము పరిపూర్ణులమనియు, దేవదూతలవంటివారమనియు, తమకిక బోధ అక్కరలేదనియు చెప్పసాగిరి. పైగా 1763 ఫిబ్రవరి 28న లోకము అంతమగునని బెల్ ప్రవచించెను. వెస్లీగారు కొంతకాలము ఓపిక పట్టిరి. ఇంకను ముందే అడ్డుకొనవలసినదని నాకు తోచుచున్నది. తరువాత ఆ ప్రవచనము అబద్ధమని బాహాటముగా ప్రకటించిరి. ఆ రాత్రి బెదరిన జనులు కొందరు ఇండ్లకు పోక పొలములలో తిరుగులాడిరి. వెస్లీగారు సాయంకాలము ప్రసంగించి, యెప్పటి వేళకే పండుకొని నిద్రించిరి. తెల్లవారెను, లోకము ఉన్నచోటనే ఉండెను. కాని సంఘము చీలెను. ఆయన తొలి ప్రసంగీకులలో ఒకడైన థామస్ మాక్స్‌ఫీల్డు విడిపోగా, మరి పలువురు అతని వెంబడి పోయిరి.

ఇంత నింద వచ్చినను వెస్లీగారు ఆ బోధను విడువలేదు. తాను మాత్రము ఆ నిండుతనమును అందుకొనలేదని 1767లో ఒక వార్తాపత్రికకు లేఖ వ్రాసిరి. గురువే యిట్లనగా విరోధులు నవ్విరేమో గాని, బెల్ గర్వముకంటె ఈ ఒప్పుకోలు సంఘమునకెంత మేలు!

1784లో, ఎనుబదియేండ్ల ప్రాయమున, పైనిచ్చిన కొరింథీ పత్రిక భాగమునుండి ఒక ప్రసంగము వ్రాసిరి. మనము పీల్చు గాలి, త్రొక్కు నేల, మన శరీరము, అందులోని ఆత్మ, వీటిని గూర్చి మనిషికి తెలిసినది ఎంత కొంచెమో అందులో ఒక్కొక్కటిగా విప్పి చూపిరి. అప్పటికి ఆయన గ్రీకు నేర్పి ఏబదియేండ్లు దాటెను.