లైమన్ జూవెట్ దొరగారు

కలిగిరి ప్రాంతపు తల్లులు బిడ్డను కంటిపాపవలె పెంచితిమని చెప్పుకొందురు. కంటిలో పాప యుండుట తెలుగువారి ఊహ మాత్రమే కాదు. యూదుల ప్రాచీన గ్రంథములు వ్రాయబడిన హెబ్రీ భాషలోను కంటి నల్లగ్రుడ్డునకు చిన్న మనిషి యను నర్థమిచ్చు పేరున్నది. ఎదుటివారి కంటిలో మన రూపము చిన్నదై కనబడును గదా! ఆంగ్లేయులు మాత్రము దానిని కంటి ఆపిలుపండు అనిరి. ఇట్టి మాటలను భాషనుండి భాషకు దాటించు పనిలో ఏండ్ల తరబడి శ్రమించినవారిలో నెల్లూరు జూవెట్ దొర యొకరు.

జూవెట్ 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున జన్మించిరి. బ్రౌన్ విశ్వవిద్యాలయమున చదివి, 1849లో భార్యతో నెల్లూరు చేరిరి. తెలుగు నేర్చి గ్రామములలో బోధించిరి. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున కొలది మందితో ఒంగోలు కొండపై ప్రార్థించిరి. ఆ కొండకు ప్రార్థన కొండ యను పేరు కలిగినది. కాని ఫలితము స్వల్పమగుటచే నెల్లూరు మిషనును మూసివేయవలెనను ఆలోచన అమెరికాలో పలుమారులు వచ్చెను. 1862లో స్వదేశమునకు వెళ్లినప్పుడును అదే మాట. సంఘము పంపకున్నను తాము తెలుగువారి యొద్దకే పోయి, అవసరమైనచో అచ్చటనే మరణింతుమని జూవెట్ పట్టుపట్టిరి. 1865లో క్లౌ దొరను వెంటబెట్టుకొని తిరిగి వచ్చిరి.

కొండ కథ అందరు నెరుగుదురు. వ్రాతబల్లయొద్ద జరిగిన పని కొందరే యెరుగుదురు. తెలుగు బైబిలు ఒకరి చేతిపని కాదు. విశాఖపట్టణమున దె గ్రాంజి దొర ఆనందరాయరు సాయముతో అనువదించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. తరువాత దిద్దినవారిలో విశాఖపట్టణపు హే దొర, నెల్లూరు జూవెట్ ముఖ్యులు.

చిక్కు హెబ్రీ నుడికారముతోనే. శ్రేష్ఠమైన పాటను ఆ భాషలో పాటల పాట యందురు. ఆంగ్లము ఆ కట్టునే నిలుపుకొన్నది. విలియం టిండేల్ 1530లో మోషే గ్రంథములను నేరుగా హెబ్రీనుండి ఆంగ్లమున అచ్చు వేయించెను. ఊరివారి పాపములను మోసికొని అడవికి పోవు మేకకు ఆయన కల్పించిన పేరును నేడు బైబిలు తెరువని ఆంగ్లేయులు సైతము వాడుచున్నారు. ఆ అనువాదకునికి 1536లో మరణశిక్షయే దక్కినది.

తెలుగువారికి అన్నిచోట్ల అరువు అక్కరలేకపోయెను. పాటల పాట పరమగీతమైనది. కనుపాప తెలుగున సిద్ధముగానే యుండెను. బైబిలులో అదే నిలిచినది. మరి కొన్ని పలుకులు హెబ్రీ కట్టుతోనే వచ్చి తెలుగున స్థిరపడెను. కంటికి కన్ను, పంటికి పన్ను అని రచ్చబండకడ వాదించువాడు అది ఎచ్చటి మాటయో తలపడు. పాలు తేనెలు ప్రవహించు దేశము ఎన్నికల ఉపన్యాసములలోను వినబడుచున్నది.

జూవెట్ 1878లో మద్రాసునకు మారిరి. వార్ధక్యమున అమెరికాకు వెళ్లి 1897లో మరణించిరి. తెలుగు నేలపై మరణించు భాగ్యము వారికి లభింపలేదు.