ముత్తులక్ష్మీ రెడ్డి: ఆ పిల్లలకు తలుపు తీసిన డాక్టరమ్మ



పిల్లల భద్రత అనగానే మీకు ముందు గుర్తొచ్చేది ముక్కూ మొహం తెలియని మనిషి. గేటు దగ్గర ఎవరు నిలబడ్డారు, ఆటోలో ఎవరెక్కారు అని చూస్తారు. ఈ నెల మేం పరిచయం చేస్తున్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పోరాటం అలాంటివాళ్లతో కాదు. ఆడపిల్లను సొంతవాళ్లే వేడుక చేసి మరీ అప్పగించే ఆచారంతో.

ఆమె 1886లో పుదుక్కోట్టై సంస్థానంలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ కాలేజీ ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీల ఇంటి ఆడపడుచు. మగపిల్లల కాలేజీలో చేరతానంటే కొందరు అడ్డుపడ్డారు. మహారాజా ఒప్పుకోవడంతో సీటు దొరికింది. 1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి 1912లో డాక్టరై బయటికొచ్చారు. పేరు చివరి 'రెడ్డి' 1914లో డాక్టర్ సుందరరెడ్డి గారిని పెళ్లాడాక వచ్చింది. తనను సమానంగా చూడాలని, తన పనికి అడ్డు చెప్పకూడదని ముందే షరతు పెట్టి చేసుకున్న పెళ్లి అది.

అసలు కథ మద్రాసు శాసన మండలిలో మొదలవుతుంది. మండలికి నామినేట్ అయిన తొలి మహిళ ఆమే. 1927లో, ఆడపిల్లలను గుళ్లకు అంకితం చేయడం ఆపాలని తీర్మానం పెట్టారు.

ఆ ఆచారం ఎలా నడిచేదో చూడండి. ఊహ తెలియని వయసులో దేవుడి పేరున పిల్ల మెడలో తాళి కడతారు. కొత్త బట్టలు, మేళతాళాలు, బంధువుల భోజనాలు. పిల్లకు అది పండుగే. ఇక ఆమెకు మామూలు పెళ్లి ఉండదు. ఈడొచ్చాక డబ్బున్న మగవాడెవరికో అప్పగిస్తారు. బాలికలను వ్యభిచారానికి అమ్మడం 1860 నాటి శిక్షాస్మృతిలోనే నేరం. కానీ తాళి కట్టిన రోజున అక్కడ కనిపించేది భక్తే; నేరం జరిగేది ఏళ్ల తర్వాత.

దీని వెనక భూమి కూడా ఉంది. గుడి సేవకు ఇచ్చిన ఈనాం మాన్యం చేతిలో నిలవాలంటే తరతరానికీ ఇంట్లో ఒక ఆడపిల్ల ఆ సేవలో ఉండాలి. మమకారం లేక కాదు, పొలం పోతుందనే భయంతో పిల్లను ఇచ్చిన తల్లులూ ఉండి ఉంటారు. ముత్తులక్ష్మి ఆ ముడినే పట్టుకున్నారు. 1929లో వచ్చిన చట్టంతో సేవ చేయకపోయినా భూమి ఆ కుటుంబానికే దక్కేలా చేశారు. ఉపన్యాసాల కంటే ఇదే పెద్ద పనని మా అభిప్రాయం. మీ పిల్లలకు దగ్గరవుతున్న దూరపు బంధువు, కోచ్, ఆన్‌లైన్ గేమ్‌లోని అన్నయ్య, ఎవరి విషయంలోనైనా కానుకలను చూసి మురిసిపోయే ముందు అడగాల్సింది ఇదే: దీనివల్ల ఎవరికి ఏం లాభం? అనుమానం వస్తే పిల్లను నిలదీయకండి, కూర్చోబెట్టి వినండి. 1098కి ఫోన్ చేయండి.

ఆమెను అందరూ మెచ్చుకోలేదు. సత్యమూర్తి వంటి కాంగ్రెస్ నాయకులు ఎదిరించారు. దేవదాసీలు కొందరు తమ కళ, జీవనం పోతాయని అర్జీలు పెట్టారు. ఆ భయం ఉత్తది కాదు. చట్టం వచ్చాక పెద్దవయసు ఆడవాళ్లు ఎందరో దిక్కులేనివాళ్లయ్యారు.

1930లో గాంధీజీ అరెస్టుకు నిరసనగా ఆమె మండలికి రాజీనామా చేశారు. ఆ ఏడాదే, దేవదాసీ బతుకు వద్దనుకున్న కొందరు అమ్మాయిలు ఆమె గుమ్మంలోకి వచ్చారు. ఏ హాస్టలూ వాళ్లను చేర్చుకోలేదు. ఆమె తన ఇంట్లోనే ఉంచుకున్నారు. 'అవ్వై హోమ్' అలా మొదలైంది. వద్దని చెప్పగలిగిన పిల్లకు ఆ రాత్రి పడుకోవడానికి ఒక చోటు కూడా కావాలి కదా! తర్వాత అడయారులో 1954లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిపించారు. ఆమె చెల్లెలు ఆ జబ్బుతోనే పోయింది.

గుళ్లకు అంకితం చేయడాన్ని పూర్తిగా నిషేధించిన మద్రాసు చట్టం 1947లో వచ్చింది. అప్పటికి కోస్తా, రాయలసీమ మద్రాసులో భాగమే కనుక అది మన జిల్లాలకూ వర్తించింది. ముత్తులక్ష్మి 1968లో కన్నుమూశారు. తెలంగాణ పల్లెల్లో జోగిని పేరుతో ఆచారం మిగిలే ఉండటంతో 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. అందులో అంకితం జరిపించినవాళ్లకు జైలు శిక్ష ఉంది. జరిపించింది తల్లిదండ్రులో, సంరక్షకులో, బంధువులో అయితే ఇంకా ఎక్కువ శిక్ష.