ఎమీ జాన్సన్

ఇంగ్లండులోని క్రాయ్‌డన్ విమానాశ్రయము నుండి ఆస్ట్రేలియా ఉత్తర తీరమందలి డార్విన్ నగరమునకు, నాటి విమానములు పోవు మార్గమున, సుమారు 11,000 మైళ్ల దూరము కలదు. 1930వ సంవత్సరమున ఈ దూరమును ఒంటరిగా విమానము నడిపి దాటిన ప్రథమ వనిత ఎమీ జాన్సన్.

ఆమె 1903 జూలై 1వ తేదీన హల్ రేవుపట్టణమున నొక చేపల వర్తకుని యింట జన్మించెను. షెఫీల్డ్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, లండనులో నొక న్యాయవాది కార్యాలయమున కొలువు చేయుచు, తీరిక వేళల విమానవిద్య నభ్యసించెను. విమానము నడుపుటతో తృప్తి నొందక, యంత్రమును విప్పి బాగుచేయు పనియు నేర్చి, 1929లో అందు యోగ్యతాపత్రము నందెను. బ్రిటనులో అట్టి పత్రము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

తండ్రియు, వేక్‌ఫీల్డ్ ప్రభువును ధనసహాయము చేయగా పాత విమానమొకటి కొని, దానికి ‘జేసన్’ అని పేరిడెను. అప్పటి కామె చేసిన మిక్కిలి దూరపు ప్రయాణము లండను నుండి హల్ వరకే. అయినను, 1928లో బెర్ట్ హింక్లర్ 16 దినములకు లోపుగా ముగించిన యాత్రను అంతకంటె శీఘ్రముగా ముగింపవలెనని సంకల్పించి, 1930 మే 5న క్రాయ్‌డను విడిచెను.

ఆ విమానము గంటకు సుమారు 85 మైళ్లు పోగలదు. లెక్క చూచినచో 130 గంటలు చాలును. కాని త్రోవ లెక్కవలె సరళము కాదు. విమానమున రేడియో లేదు; పటమును, దిక్సూచియు మాత్రమే ఆధారములు. ఇంధనమునకై మాటిమాటికి దిగవలెను. దిగిన చోట యంత్రమును తానే శుభ్రపఱచుకొనవలెను. బాగ్దాదు త్రోవలో ఇసుక తుపాను ఆమెను ఎడారిలో దింపెను. ఐనను ఆరు దినములకే కరాచి చేరి, హింక్లరు కంటె రెండు దినములు ముందుండెను. ఝాన్సీ, అలహాబాదు, కలకత్తాల మీదుగా రంగూను సమీపించునప్పటికి వానలు ముంచుకొని వచ్చెను. దిగవలసిన చోటు కానరాక, ఒక సాంకేతిక విద్యాలయపు ఆటస్థలమున దిగగా, విమానము గోతిలోనికి దూసికొనిపోయి రెక్క దెబ్బతినెను. అచ్చటి వారును విద్యార్థులును తోడ్పడి దానిని బాగుచేసిరి. కాని విలువైన దినములు గడచిపోయెను.

ఇక హింక్లరును మించుట కల్ల యని తెలిసియు ఆమె వెనుదిరుగలేదు. జావా దీవిలో వెదురు కొయ్యలు గ్రుచ్చుకొని చినిగిన రెక్కలకు అంటుపట్టీలు వేసికొని, సముద్రము దాటి, మే 24న డార్వినున దిగెను. యాత్రకు 19½ దినములు పట్టెను. హింక్లరు రికార్డు చెక్కు చెదరలేదు; లోకము మాత్రము ఆమెకు జేజేలు పలికెను.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, సైన్యమునకు విమానములను చేరవేయు కొలువున నుండి, 1941 జనవరి 5న థేమ్సు నదీముఖమున నీటబడి ఆమె మరణించెను. ఆమెను రక్షింప చల్లని నీట నురికిన నౌకాధికారి వాల్టర్ ఫ్లెచరును ప్రాణములు కోల్పోయెను. ఎమీ దేహము దొరకలేదు.

2018లో లండను నుండి ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమునకు, సుమారు 9,000 మైళ్లు, నడుమ నెచ్చటను దిగక 17 గంటలలో పోవు విమానములు మొదలయ్యెను. ‘జేసన్’ నేటికిని లండను విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో నున్నది. తొలుత ఆ త్రోవను పోయినవారి సాహసమునకు అది సాక్షి.